ఉత్తపుణ్యానికి వచ్చిన ఆట



ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే కొల్లాపూర్ చుట్టుపక్కల మామిడితోటల్లో బేనిషాన్ కాయ కోతకు వస్తుంది. బడులకు సెలవులిస్తారు. ఈ రోజుల్లో తోటకు కాపలా ఉండే మనిషి దగ్గర తప్పకుండా కనిపించేవి రెండు. ఒకటి గులేరు, కోతులమందను అదిలించడానికి. రెండోది సెల్‌ఫోన్. మిట్టమధ్యాహ్నం కోతులు కూడా నీడ పట్టుకున్నాక ఆ ఫోన్ బయటికి వస్తుంది. సద్ది పట్టుకొచ్చిన పిల్లలు చుట్టూ మూగుతారు. తీరా చూస్తే వాళ్లు ఆడేది కూడా విసిరే ఆటే. తెర మీద వేలు ఆనించి వెనక్కి లాగుతారు, వదులుతారు. పిట్టో ఎద్దో గాల్లోకి లేస్తుంది. ఎంత దూరం పోతే అన్ని నాణేలు. కిందపడితే మళ్లీ విసరాలి.

ఈ ఆటను పైసా ఇవ్వకుండా ఫోన్లోకి దించుకోవచ్చు. ఇష్టమున్నవాళ్లు లోపల కొన్ని వస్తువులు కొనుక్కోవచ్చు, లేనివాళ్లు మానేయవచ్చు. బలవంతం ఏమీ లేదు. మరి ఇలాంటి ఆటలు చేసేవాళ్లకు బతుకు ఎలా గడుస్తుంది? గడవడమే కాదు, కొందరికి కోట్లు ఎలా వస్తున్నాయి? ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే. సూటిగా చెప్పాలంటే, ఉచితమన్న ఆటలో ధరను ఏ చోట కూర్చోబెట్టారన్నది చూద్దాం.

విసరడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. పాలమూరు మెట్టచేలల్లో జొన్న కంకి పాలు పోసుకునే వేళ మంచె ఎక్కి వడిసెల తిప్పి పిట్టలను తోలినవాళ్లు ఇప్పటికీ ప్రతి ఊళ్లో ఉన్నారు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ పల్లెల్లో ఆడవాళ్ల చేతికి దొరికిన ఆయుధాల్లో వడిసెల ఒకటి. రాయి ఎంత బరువుండాలి, ఎప్పుడు వదలాలి అన్న అంచనా పుస్తకం చదివితే వచ్చేది కాదు, చేతికి అలవాటు కావాలి. గురి కుదిరినప్పుడు కలిగే సంతోషం కూడా చేతిదే. ఫోన్లో విసిరే ఆట ఆ పాత సంతోషాన్నే వేలికొసకు తెచ్చింది. అందుకే దాన్ని ఎవరూ ఎవరికీ నేర్పాల్సిన పని లేదు. నాలుగేళ్ల పిల్ల కూడా ఒక్కసారి చూస్తే ఆడేస్తుంది.

ఈ తరహా ఆటలు ఫోన్లకంటే ముందు కంప్యూటర్లలో పుట్టాయి. 2004లో ఆస్ట్రియాకు చెందిన క్రిస్ హిల్బె చేసిన యతి స్పోర్ట్స్ అనే చిన్న ఆట ప్రపంచమంతా తిరిగింది. మంచుకొండల్లో యతి అనే వింత జంతువు, పైనుంచి దూకే పెంగ్విన్‌ను దుడ్డుకర్రతో కొడుతుంది. ఎంత దూరం పోయిందో అంకె చూపిస్తుంది. అంతే ఆట. తర్వాత కెనడాలోని మాంట్రియల్ నుంచి జ్యూసీ బీస్ట్ అనే చిన్న సంస్థ 2011లో బురిటో బైసన్ అనే ఆట తెచ్చింది. అందులో కుస్తీవేషం వేసిన ఒక ఎద్దు. బరి తాళ్ల మీద వెనక్కి ఒరిగి, బాణంలా బయటికి దూసుకుపోతుంది. దారిలో నిలబడ్డ జెల్లీ మిఠాయి ఎలుగుబంట్ల మీద పడితే మళ్లీ ఎగురుతుంది, ఉత్త నేల మీద పడితే వేగం తగ్గుతుంది. దానికి కొనసాగింపు లాంచా లిబ్రే ఫోన్లలోకి వచ్చింది 2017 మొదట్లో. దించుకోవడం ఉచితం, లోపల కొనడం ఇష్టం. ఓపికుంటే పైసా పెట్టకుండా ఆడుతూ పోవచ్చు.

అదే సమయంలో మన దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, కొల్లాపూర్ పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కొత్త నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. దానికి నెల ముందు, సెప్టెంబర్ 5న, జియో మొదలై కొన్ని నెలలపాటు డేటా ఉచితంగా ఇచ్చింది. అప్పటిదాకా ఊరికి ఒకరిద్దరి చేతుల్లో ఉన్న టచ్‌ఫోన్లు ఇంటింటికీ చేరాయి. ఆటా ఉచితమే, దాన్ని మోసుకొచ్చిన డేటా కూడా ఉచితమే. మన ఇళ్లలోకి ఈ ఆటలు అడుగుపెట్టిన తీరు ఇది.

ఇప్పుడు ఆట లోపలికి పోదాం. గాలి అడ్డు లేదనుకుంటే, 45 డిగ్రీల కోణంలో విసిరిన వస్తువు అన్నిటికంటే దూరం పోతుంది. వేగం రెట్టింపు చేస్తే దూరం నాలుగింతలవుతుంది. ఇది పదకొండో తరగతి పిల్లలు చదివే పాఠం. మొదటి పదినిమిషాలు ఈ సూత్రమే ఆటను నడిపిస్తుంది. చేయి కుదిరేకొద్దీ దూరం పెరుగుతుంది, నాణేలు పడతాయి, ఆ నాణేలతో తాడు బలం పెంచుకుంటారు, ఇంకా దూరం పోతారు. కష్టానికి వెంటనే ఫలం కనిపిస్తుంది. నిజానికి ఇంత హాయిగా ఉండే ఆట మరొకటి దొరకదు.

అసలు లెక్క తర్వాత మొదలవుతుంది. ఉదాహరణకు తాడు బలం ఒక మెట్టు పెంచడానికి 100 నాణేలు అనుకుందాం. రెండో మెట్టుకు 200, మూడో దానికి 400. ఇలా రెట్టింపవుతూ పోతే పదో మెట్టు ధర 51,200 నాణేలు. మన రాబడి మాత్రం ధరతో సమానంగా రెట్టింపు కాదు. ఒక్కో విసురుకు 500 నాణేలు వస్తున్నాయనుకున్నా, ఆ ఒక్క మెట్టు కోసం నూటమూడు సార్లు విసరాలి. విసురుకు నిమిషంన్నర చొప్పున రెండున్నర గంటలు. మొదటి మెట్టు రెండు నిమిషాల్లో ఎక్కినవాడికి పదో మెట్టు ఒక మధ్యాహ్నమంతా పడుతుంది. ఇది పొరపాటున వచ్చిన తేడా కాదు. ఆట చేసినవాళ్లు కాగితం మీద వేసుకున్న లెక్క. ఎక్కడ ఆటగాడి చేతివాటం ఇక చాలదో, అక్కడ దుకాణం తలుపు పెడతారు.

ఆ తలుపు తెరుచుకునే క్షణాన్ని గమనించండి. ఎద్దు దూసుకుపోతూ ఉంటుంది. ముందర గోడ. అది పగిలితే కొత్త లోకం. గోడకు ఇంకా పది బారల దూరముండగా వేగం చచ్చి నేలకూలుతుంది. అయ్యో అని నోట్లోంచి మాట వచ్చేలోపే తెర మీద ఒక బొత్తాం వెలుగుతుంది. ఇంకో ఊపు కావాలా? ముప్పై సెకన్ల ప్రకటన చూడండి, లేదా పైసలు పెట్టి కొనే రత్నాలు ఇన్ని ఇవ్వండి. ఆట మొదట్లో ఇదే బొత్తాం పెట్టి ఉంటే ఎవరూ నొక్కరు. బాగా ఓడిపోయినప్పుడు పెట్టినా నొక్కరు. అందీ అందకుండా పోయినప్పుడు మాత్రం వేలు దానంతటదే పోతుంది. సంతలో బేరగాడు కూడా ఇంతే, మీరు రెండడుగులు వెళ్లాక కాదు, వెనక్కి తిరిగి చూసినప్పుడు ధర తగ్గిస్తాడు. తేడా ఏమిటంటే, సంతలో బేరగాడికి ఒక జత కళ్లే ఉంటాయి. ఆటకు మీరు ఎన్నిసార్లు విసిరారో, ఎక్కడ ఆగారో, ఎంతసేపు ఆలోచించారో అన్నీ లెక్కలో ఉంటాయి.

అందుకే ఈ ఆటల్లో అమ్ముడయ్యే అసలు సరుకు బలమూ కాదు, బంగారు టోపీ కూడా కాదు. ఆటగాడి తొందరే అక్కడ అమ్మకానికి వస్తుంది. ముందు తొందర పుట్టించి, ఆనక దానికి మందు అమ్ముతారు.

అమ్మే వస్తువులను మనం రెండు గంపల్లో వేసి చూడవచ్చు. ఒక గంపలో, ఒకసారి కొంటే ఉండిపోయేవి. ప్రకటనలు రాకుండా చేసేది, నాణేలను ఎప్పటికీ రెట్టింపు చేసేది. రెండో గంపలో, వాడితే అయిపోయేవి. రత్నాల సంచి, ఒక్క విసురుకు ఊపు, అయిపోయిన ప్రాణం మళ్లీ పోసేది. మొదటి గంప వస్తువుకు ఖర్చు ఎంతో ముందే తెలుస్తుంది. రెండో గంపకు అడుగు లేదు. పైగా రత్నాల దగ్గర ఒక చమత్కారం చేస్తారు. సంచిలో 80 రత్నాలు ఉంటాయి, కావలసిన వస్తువు 60. మిగిలిన 20 దేనికీ చాలవు, పారేయడానికి మనసొప్పదు. వాటిని పనికి తెచ్చుకోవాలంటే ఇంకో సంచి. రూపాయి రత్నంగా మారిన తర్వాత అది ఎంత ఖర్చయిందో మనసు సరిగా లెక్క వేయలేదు. జూదశాలల్లో నోట్లు తీసుకుని బిళ్లలు ఇవ్వడం వెనక ఉన్నదీ ఇదే కిటుకు.

ఈ వ్యాపారం ఎటు నుంచి ఎటు నడిచిందో చూపడానికి యాంగ్రీ బర్డ్స్ కంటే మంచి కథ లేదు. ఫిన్లండ్‌కు చెందిన రోవియో సంస్థ యాభైకి పైగా ఆటలు చేసి, దివాలా అంచున ఉన్నప్పుడు, 2009 డిసెంబర్‌లో గులేరుతో పిట్టలను విసిరే ఈ ఆటను ఐఫోన్‌లో పెట్టింది. ధర ఒక డాలర్‌కు ఒక సెంటు తక్కువ. కొన్నవాళ్లు ఎన్నిసార్లయినా ఆడుకోవచ్చు. ఆ మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రకటనలతో ఉచితంగా ఇచ్చింది. 2015 జూలైలో రెండో ఆట యాంగ్రీ బర్డ్స్ 2 వచ్చేసరికి వరస మారింది. ఆట ఉచితం, ప్రాణాలు పరిమితం. అవి అయిపోతే కాసేపు ఆగాలి, లేదా రత్నాలు పెట్టాలి.

కథలో అసలు మలుపు ఇంకా ఉంది. పాత ఆట కావాలని అభిమానులు అడిగితే, 2022లో రోవియో దాన్ని మళ్లీ చేసి పాత పద్ధతిలోనే అమ్మింది. ఒకసారి చిన్న ధర, లోపల ఏ దుకాణమూ లేదు. ఏడాది కూడా తిరగలేదు. 2023 ఫిబ్రవరిలో దాన్ని గూగుల్ ప్లే నుంచి తీసేసింది. కారణం సంస్థే చెప్పింది, ఆ ఆట తమ మిగతా ఆటల మీద ప్రభావం చూపుతోందని. ఒక డాలర్‌తో తేలిపోయే ఆట పక్కన ఉంటే ఉచిత ఆటల వ్యాపారానికి ఇబ్బంది అన్నమాట. ఉచితం ఎంత ఖరీదైనదో చెప్పడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అవసరం లేదు. అదే ఏడాది జపాన్‌కు చెందిన సెగా సంస్థ రోవియోను దాదాపు 70 కోట్ల యూరోలకు కొనుక్కుంది.

మరి ఇన్ని డబ్బులు ఎవరు పెడుతున్నారు? ఆడేవాళ్లలో చాలామంది ఒక్క పైసా పెట్టరు. పెట్టేవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మరీ కొద్దిమంది చాలా ఎక్కువ పెడతారు. వాళ్లను ఆ వ్యాపారంలో తిమింగలాలు అని పిలుస్తారు, జూదశాలల నుంచి వచ్చిన పేరే అది. ఆ తిమింగలం మహానగరంలోని కోటీశ్వరుడే కానవసరం లేదు. ప్లే స్టోర్‌లో మన దేశానికి కనీస ధరను గూగుల్ 2015లో 50 రూపాయల నుంచి 10 రూపాయలకు దించింది. పది రూపాయలంటే చాయ్ పైసలు. అగ్గువకు దొరికేదే అదుపు తప్పేది. వందకు ఒకసారి ఆలోచించే మనిషి పదికి పదిసార్లు ఆలోచించడు.

చట్టం ఏమంటుంది? తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి, పైసలు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. దేశమంతటికీ 2025 ఆగస్టులో ఆన్‌లైన్ ఆటల చట్టం వచ్చింది. పైసలు పెట్టి, పైసలు గెలుస్తామన్న ఆశతో ఆడే ఆటను నడిపినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్లకు శిక్ష లేదు. మంచిదే. అయితే మన విసిరే ఆట ఈ నిషేధం కిందికి రాదు. ఎందుకంటే ఇందులో గెలిస్తే తిరిగి వచ్చే పైసలేమీ లేవు. పందెం లేదు కాబట్టి జూదం కాదు. పేకాటలో పెట్టిన నూరు ఎప్పుడో ఒకసారి నూటయాభై అయి రావచ్చు. ఈ ఆటలో పెట్టిన నూరు ఏ జన్మకూ రాదు. చట్టం కన్ను రాబడి ఆశ మీద ఉంది, ఇక్కడ ఉన్నది ఖర్చు ఒక్కటే. కాబట్టి ఈ చోట కాపలా ఇంటివాళ్లే కాయాలి.

అలాగని చట్టం పూర్తిగా చేతులెత్తేసిందనుకోవద్దు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మాయచేసే 13 రకాల ఎత్తుగడలను పేర్కొంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. వద్దన్నవాణ్ణి చిన్నబుచ్చే మాట రాయడం ఇంకొకటి. అడిగిందే అడిగి విసిగించడం మరొకటి. ఇలాంటివి కనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అమెరికాలో 2022 డిసెంబర్‌లో ఫోర్ట్‌నైట్ ఆట నడిపే ఎపిక్ గేమ్స్ సంస్థ, పొరపాటున వేలు తగిలినా కొనుగోలు అయిపోయేలా బొత్తాలు అమర్చిందన్న ఆరోపణ మీద, ఆటగాళ్లకు 24.5 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. అంటే బొత్తాం ఎక్కడ పెట్టారన్నది ప్రభుత్వాలు కూడా పట్టించుకునే సంగతే.

ఒక మాట తల్లిదండ్రులకు. మన దేశంలో 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఒప్పందం చేసుకోలేరు. చేసుకున్నా అది మొదటినుంచీ చెల్లదని అప్పటి పైకోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. కానీ ఖాతా నాయన పేరు మీద ఉండి, పిన్ నాయనదే అయి, పిల్లవాడు దాన్ని భుజం పక్కనుంచి చూసి నొక్కితే, ఆ వాదన నెగ్గించుకోవడం తేలిక కాదు. యూపీఐ పిన్ పిల్లల ముందు కొట్టకపోవడం అన్నిటికంటే అగ్గువైన జాగ్రత్త.

ఆటను దించుకునే ముందే చూడవలసింది ఒకటుంది. ప్లే స్టోర్‌లో ఆట వివరాల్లోకి పోతే, లోపల అమ్మే వస్తువుల ధర ఎంత నుంచి ఎంతదాకా అన్నది రాసి ఉంటుంది. అందరూ మొదటి అంకె చూస్తారు. మీరు రెండో అంకె చూడండి. ఒక్క వస్తువుకు వేల రూపాయల దాకా పెట్టారంటే ఆ ఆట ఎవరిని వెతుకుతోందో తెలిసిపోతుంది. తర్వాత, అదే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడగాలన్న ఏర్పాటు ఉంటుంది, అది పెట్టుకోండి. కొన్న తర్వాత పొరపాటని తోస్తే 48 గంటల లోపల గూగుల్‌కే తిరిగి ఇమ్మని అడగవచ్చు. ఆ గడువు దాటితే ఆట చేసినవాళ్లను బతిమాలుకోవాలి. ఇంకో చిట్కా. ఇలాంటి ఆటలు చాలావరకు డేటా ఆపేసినా నడుస్తాయి. డేటా ఆపితే ప్రకటనలూ రావు, రోజు డేటా మిగులుతుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది.

ఇదంతా విని, అయితే పైసలు పెట్టడమే తప్పా అని ఎవరైనా అడగవచ్చు. తప్పు కాదు. ఎవరో నలుగురు కూర్చుని బొమ్మలు గీసి, లెక్కలు వేసి, నెలల తరబడి చేసిన ఆట అది. నాటకం చూసి చదివింపు చదివించినట్టే, నచ్చిన ఆటకు ఎంతో కొంత ఇవ్వడం మర్యాదే. ఒకసారి కొంటే ఉండిపోయే వస్తువును, సెలవులన్నీ ఆడిన ఆటలో, తెలిసి కొంటే అందులో నష్టపోయేదేమీ లేదు. వచ్చిన చిక్కంతా ఎప్పుడు కొంటున్నామన్న దగ్గరే ఉంది.

అందుకని మీ ఇంట్లో ఒకే ఒక కట్టుబాటు పెట్టుకోమని నా సలహా. ఆట అడిగినదానికి ఆ రోజు జవాబు చెప్పవద్దు. గోడకు పది బారల దూరంలో ఎద్దు కూలిపోయినప్పుడు, పిల్లవాడు వచ్చి నాయనా యాభై రూపాయలు అంటే, లేదనీ అనకండి, సరే అనీ అనకండి. రేపు పొద్దున చాయ్ తాగేటప్పుడు అడుగు, అప్పుడు చూద్దాం అనండి. పెద్దవాళ్లు కూడా తమకు తాము ఇదే మాట చెప్పుకోవాలి. తోటలో కాపలా ఉన్న అన్నకైనా, ఆటో స్టాండులో కిరాయి కోసం చూసే తమ్ముడికైనా ఇదే లెక్క. పొద్దున లేచాక ఆ కోరిక ఇంకా ఉంటే, కొని ఇవ్వండి. చాలాసార్లు అడిగినవాడికే అది గుర్తుండదు. తొందర మీద కట్టిన దుకాణం ఒక రాత్రి గడువుకు తట్టుకోలేదు. దానికి చట్టం అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు.